పచ్చయ్య కోపము

పోయిన నెలలో మా చెల్లెలి కుమార్తె హైదరాబాదునుండి మాకొక జాబు వ్రాసినది. "పెద్దమ్మా, ఇక్కడ ఒక షాపులో ఇగ్వానా పిల్లలు అమ్ముతున్నారు. అరచేతిలో ఇమిడిపోతున్నాయి. చిలకపచ్చ రంగు. నిన్నడిగి కొనుక్కోమంది అమ్మ. కొననా, వద్దా? ఒక్క ముక్కలో చెప్పు" అని దాని సారాంశము. ఒక్క ముక్కలో వ్రాయుటకు మేము రెండుసార్లు కూర్చుంటిమి, రెండుసార్లును చేతకాలేదు. మా కుడి ముంజేతిమీద ఏడు కుట్ల మచ్చ యొకటి యున్నది. ఆ మచ్చ కథ చెప్పక యా పిల్లకు జవాబు చెప్పుట న్యాయము గాదని తోచినది. అది మఱి పదిమంది సోదరీమణులకు గూడ పనికివచ్చునేమో యని యిక్కడ వ్రాయుచున్నాము.

ఇగ్వానా యనగా మన తొండకు దూరపు చుట్టము. దాని పుట్టిల్లు మెక్సికో మొదలుకొని బ్రెజిలు వఱకు గల యేటియొడ్డు అడవులు. కొమ్మలమీద బ్రతుకును, ఆకులు తినును. గ్రుడ్డునుండి వెలువడినప్పుడు తోకతోగూడ జానెడుండును. మూడు నాలుగేండ్లలో నాలుగైదడుగుల జంతు వగును. అందులో మూడింట రెండు వంతులు తోకయే. మగది యాఱడుగుల వఱకు గూడ పెరుగవచ్చును. చక్కగా చూచుకొన్నచో పదునైదు ఇరువది యేండ్లు బ్రతుకును. అమ్మువాడు ఈ సంగతు లేవియు చెప్పడు. మాకును చెప్పలేదు.

మేము అమెరికాలో, డల్లాసు నగరమున కుత్తరముగా నున్న ప్లేనోలో కాపురముండుచున్నాము. 2017 వేసవిలో మా పెద్దపిల్లకు తొమ్మిదేండ్లు నిండినవి. కుక్కపిల్ల కావలెనని అది పట్టుపట్టినది. మావారికి కుక్క బొచ్చు పడదు. తుమ్ములు తెప్పింపని జంతువేదియని వెదకి వెదకి యీ ఆకుపచ్చని పిల్లను తెచ్చితిమి. మావారు దానికి పచ్చయ్య యని పేరు పెట్టిరి. ఉదయము ఆవాకు, కొలార్డు ఆకు, గుమ్మడికాయ తురుము కలిపి పెట్టుట మా పని. (పాలకూర తఱచుగా పెట్టరాదు, అందలి ఆక్సాలిక్ ఆమ్లము సున్నమును ఒంటికి పట్టనీయదు.) దీపపు వేడిమిక్రింద నొక గంట కాచుకొని, పిమ్మట వచ్చి మా భుజమెక్కి, గడ్డము మా మెడకు ఆనించి కన్నులు మూసికొనెడిది. మూడేండ్లు మా యింట నెవ్వరికిని చిన్న గాటైనను పెట్టలేదు. దానికి మామీద నెంత ప్రేమయో యని వచ్చినవారి కెల్ల చెప్పుకొంటిమి. ఈ మాటను చదువరులు గుర్తుంచుకొనవలెనని కోరుచున్నాము. మా పొరపాటంతయు దానియందే యున్నది.

2020 జనవరిలో మా అత్తగారు కోనసీమనుండి ఆఱు నెలలుండి పోదమని వచ్చిరి. మార్చిలో విమానములు నిలిచిపోయెను. తరువాత నొకటొకటిగా తిరుగసాగినను, ఆ వయసులో, ఆ రోగపు రోజులలో, వారిని పంపుటకు మాకు ధైర్యము చాలలేదు. వచ్చిన దినమున పచ్చయ్యను చూచి వారు గడపలోనే నిలిచిపోయిరి. "ఉడుము ఇంట్లోకొస్తే ఇల్లే ఖాళీ చేస్తాం కదే అమ్మాయ్! మీరు గూడు కట్టి మేపుతున్నారా?" అనిరి. ఎండకాలము వచ్చునప్పటికి, పెరటిలోని మందారపువ్వులు కోసి దేవునికొకటి, పచ్చయ్యకొకటి పెట్టు స్థితికి వచ్చిరి. మందారము ఇగ్వానాలకు మిఠాయివంటిది.

ఆ యేడు మాకు ఇల్లే బడి, ఇల్లే కచేరి, ఇల్లే నాట్యశాల. మావారు పడకగదిలో బల్ల వేసికొని కొలువు చేసిరి. పచ్చయ్య గూడున్న గదిలో మా చిన్నవాని పాఠములు. సాయంకాలము అక్కడనే మా పెద్దపిల్ల కూచిపూడి. గురువుగారు కంప్యూటరు తెరలో కనబడి నేర్పెడివారు. నిలువుటద్దము లేనిదే అంగశుద్ధి తెలియదని వారు చెప్పగా, అక్టోబరులో గోడంత యద్దము నొకదానిని తెచ్చి గూటి కెదురుగా నిలిపితిమి. పిల్ల నారింజరంగు అభ్యాసపు చీర కట్టి, అద్దమునకు పచ్చయ్యకు నడుమ నిలిచి, శిరోభేదములు సాధకము చేసెడిది. అందులో కంపితమని యొకటి యున్నది. తలను పైకిని క్రిందికిని ఆడించుట. ఈ వివరము లన్నియు నేల యని విసుగుకొనకుడు. ప్రతి దానికిని పని యున్నది.

నవంబరులో పచ్చయ్య తిండి తగ్గెను. పగలెల్ల గూటిలో నటు నిటు తిరుగుట, అద్దపు తలుపును గోళ్లతో గీరుట, ముక్కుతో పొడుచుట. ముందుకాళ్లమీద, భుజములమీద పచ్చదనము పోయి నారింజరంగు దిగెను. వెనుక తొడల అడుగున వరుసగా నుండు చిన్న రంధ్రములు ఉబ్బి, మైనమువంటి మొలకలు పైకి వచ్చెను. జబ్బేమో యనుకొంటిమి; గూడు చాలలేదేమో యనుకొంటిమి. మావారు "తొండ ముదిరి ఊసరవెల్లి అయింది" అని నవ్వి యూరకుండిరి. మా అత్తగారు మాత్రము, "పచ్చయ్య కాషాయం కట్టాడేవిటి? సన్యాసం పుచ్చుకుంటాడా?" అని దానివైపు తేఱిపాఱ చూచిరి. వారు మధ్యాహ్నములందు ఆ గది కిటికీదగ్గఱ కూర్చుండి వత్తులు చేసికొనెడివారు.

డిసెంబరు రెండవ వారములో నొక యుదయమున ఆకుల గిన్నె తీసికొని మేము గూటి తలుపు తెఱచితిమి. పచ్చయ్య కొమ్మమీద లేదు. క్రిందనే, తలుపుదగ్గఱ, ప్రక్కవాటుగా నిలిచి, ఒడలు చేటవలె పలుచగా చేసికొని, గడ్డముక్రింది తోలును విసనకఱ్ఱవలె విప్పి యుండెను. తలను వడివడిగా నాడించుచుండెను. ఆ నిలుకడను మేము చూచితిమి. దాని భావము గ్రహింపలేదు. గిన్నె లోపల పెట్టుటకు చేయి చాచితిమి. పిమ్మటి సంగతి రెప్పపాటులో జరిగెను. ముంజేయి దాని నోట నుండెను.

ఉడుంపట్టు అని మనవారు ఊరక అనలేదు. ఇగ్వానా పండ్లు చిన్నవి, పెక్కు. ఒక్కొక్క పంటి యంచున రంపపు నొక్కులుండును. ఆకును కత్తిరించుటకు పుట్టిన పండ్లవి. చర్మమును గూడ నట్లే కత్తిరించును. మేము బాధకు తాళలేక చేయి వెనుకకు లాగితిమి. అది చేయరాని పని. లాగిన కొలది గాయము సాగెను. మా కేక విని మా అత్తగారు పరుగెత్తి వచ్చి, కప్పుకొన్న శాలువను తీసి దాని తలమీద వేసిరి. కన్నులకు చీకటి కాగానే అది పట్టు వదలినది. వారి కెవ్వరును నేర్పలేదు. కొబ్బరితోటలో పాము కనబడినప్పుడు బుట్ట బోర్లించిన చేయి అది.

గాయమును సబ్బుతో, పాఱు నీటితో చాలసేపు కడిగి, వైద్యశాలకు పోయితిమి. ఈ జంతువుల ఒంట, రెట్టలో సాల్మొనెల్లా యను సూక్ష్మజీవి యుండును కావున కడుగుట ముఖ్యము. కఱచినను కఱవకున్నను, దానిని ముట్టిన ప్రతిసారియు చేతులు కడుగుకొనవలెను, వంటయింటి తొట్టిలో దాని గిన్నెలు కడుగరాదు. అక్కడ ఏడు కుట్లు వేసి, ధనుర్వాతపు సూది వేసి, వారము దినములకు మాత్రలిచ్చిరి.

ఆ రాత్రి మాకు నిద్రపట్టలేదు. కుట్ల సలుపు కాదు. మూడేండ్లు ఏ చేయి మేపినదో ఆ చేతినే కఱచినది గదా యను రోషము. పాలిచ్చిన చేతిని ఆవు పొడుచునా? అన్నము పెట్టిన వానిని కుక్క మఱచునా? ఇట్టి విశ్వాసఘాతుక జంతువును ఎత్తుకొని ఊరేగితిమి గదా! ఈ రోషముక్రింద భయ మొకటి దాగియుండెను. మా పెద్దపిల్ల ప్రతిదినమును బడి పాఠములు కాగానే దాని ముఖముదగ్గఱ ముఖముంచి ముద్దు పెట్టుకొనెడిది. ఆ యుదయమున గూడు తెఱచినది మేము గాక ఆ పిల్ల యైయుండినచో? మావారు తెల్లవాఱగానే, "దీన్ని ఎవరికైనా ఇచ్చేద్దాం" అనిరి. సరీసృపములను చేర్చుకొను ఆశ్రమములకు ఫోను చేసిరి. పెరిగిన మగ ఇగ్వానా యనగానే చోటు లేదని జవాబు. మమ్ము వంటివారు ఈ దేశమున ననేకులున్నారని యప్పుడు తెలిసినది. పిల్ల యేడ్వలేదు, భోజనముదగ్గఱ తలవంచుకొని కూర్చుండెను. ఏడ్చినచో మాకు సులభముగా నుండెడిది.

మఱునాటి మధ్యాహ్నము మా అత్తగారు మమ్ము పిలిచి కిటికీదగ్గఱ కూర్చుండబెట్టుకొనిరి.

"పిచ్చిదానా, అది నీ మీద కోపం కాదే. దానికి కాలం వచ్చింది. తొలకరి రోజుల్లో మన కంచె మీద తొండ మెడంతా ఎర్రగా చేసుకుని, ముందుకాళ్ల మీద లేచి పడుతూ తల ఊపదూ? ఇదీ అదే. ఇది నీ చెయ్యి చూడలేదు. తన గట్టు మీదికొచ్చిన ఇంకో మగాణ్ణి చూసింది. నెల్లాళ్ల నించీ చూస్తున్నాను, అద్దంలో ఉన్న వాడితో పొద్దస్తమానం పోట్లాటే. వాడు వెళ్లడు, వీడు తగ్గడు. ఎంత సేపని ఓర్చుకుంటుంది?"

మేము తలయెత్తి చూచితిమి. పచ్చయ్య తన గూటి తలుపుదగ్గఱ ప్రక్కవాటుగా నిలిచి గడ్డము విప్పియుండెను. ఎదుటి గోడమీది యద్దములో నొక నారింజరంగు ఇగ్వానా యట్లే నిలిచి యుండెను. ఇది తల యాడించిన నదియు నాడించుచుండెను. పదునాఱేండ్లనుండి ఈ దేశమున నున్నాము, పుస్తకములు చదివితిమి, దీపము లెన్ని గంటలు వెలుగవలెనో చీటీమీద వ్రాసి యంటించితిమి. చిన్నతనమున మన తొండలమీద రాళ్లు రువ్విన వారమే. ఆ తొండను ఈ ఇగ్వానాతో కలిపి చూచుట మాత్రము మాకు తోచలేదు.

తరువాతి వారము సరీసృపముల వైద్యము తెలిసిన యొక వైద్యురాలియొద్దకు తీసికొనిపోయితిమి. ఆ రోజులలో జంతువును లోపలికి తీసికొని, మనలను బయట కారులో కూర్చుండబెట్టి ఫోనులో మాటలాడెడివారు. ఆమె మొదట నొప్పి యేమైన నున్నదేమో పరీక్షించినది. సున్నపులోటుచే ఎముకలు మెత్తబడిన జంతువును, నోట పుండున్న జంతువును ముట్టిన గూడ కఱచును. అట్లే వేడి చాలకున్నను, సూర్యకిరణములకు బదులుగా పెట్టు అతినీలలోహిత దీపము పాతబడినను. (ఆ దీపము వెలుగుచునే యుండును గాని లోపలి సత్తువ ఏడాదిలోపలనే పోవును, ఇది చాలమంది కనిపెట్టరు.) పచ్చయ్య కవి యేవియు లేవు. తరువాత నామె యడిగిన ప్రశ్నలు: ఏ నెలలో మొదలైనది? గదిలో అద్దమున్నదా? ఎవరైన నారింజ, ఎఱుపు బట్టలు కట్టుచున్నారా? ఎవరైన దాని యెదుట తల ఆడించుచున్నారా? కూచిపూడి యన నేమో, కంపితమన నేమో మావారు వివరింపగా ఆమె ఫోనులోనే పకపక నవ్వినది. దానివలననే అయినదని నిశ్చయముగా చెప్పజాలమట గాని, ఇగ్వానాల భాషలో తల యాడించుట "ఇది నా చోటు, నీవెవ్వరు?" అనుటయే యట. నారింజరంగు జతకట్టు కాలపు మగదాని రంగు. అనగా ఆ అక్టోబరునుండి మేము మా పచ్చయ్య కెదురుగా నొక శత్రువును అద్దములో నిలిపి, వానికి తోడుగా నారింజరంగు కట్టి, తల యాడించి, కాలు దట్టించి, నాలుగడుగుల ఎత్తున మఱియొక శత్రువును ప్రతి సాయంకాలము పంపుచుంటిమి!

ఆమె చెప్పిన ముఖ్యమైన సంగతి యిది. మగ ఇగ్వానా రెండు మూడేండ్లు దాటి యీడు వచ్చిన పిదప, ఏడాది కొక్కసారి జతకట్టు కాలము వచ్చును. ఈ దేశపు ఇండ్లలో పెరుగు వానికి తఱచుగా శీతకాలమునకు కాస్త ముందో, శీతకాలములోనో వచ్చి, ఒకటి మొదలు మూడు నెలలుండును. సాధారణముగా ప్రతి యేడును ఆ నెలలలోనే మరలివచ్చును. అప్పుడు దాని రక్తమున మగతనపు రసము పొంగును, తిండి తగ్గును, కనబడిన దెల్ల పోటీయో, జోడో యగును. జతకట్టునప్పుడు మగది ఆడదాని మెడను పండ్లతో పట్టుకొనుట దాని జాతిధర్మము. కావున ముఖమును మెడను దానికి దగ్గఱగా పోనీయరాదు. ఈ మాటవద్ద మావారు మా పెద్దపిల్లను తలచుకొని మా ముఖము చూచిరి.

తరువాత ఆమె క్షణమాగి, ఇంకొక ప్రశ్న అడుగవలసియున్నదని, ఫోను అమ్మగారి చేతికిమ్మని కోరినది. మేము తీసికొంటిమి. కఱచిన దినమున మీకు నెలసరి యా? అని ఆమె ప్రశ్న. అవును. ఆ కాలమున మగ ఇగ్వానాలు తమ యింటి యాడువారిమీద నెక్కువగా పడినట్లు వైద్యులు కనిపెట్టి వ్రాసియున్నారట. అందఱి యిండ్లను అట్లే జరుగునని గాదు. నాలుకతో గాలిని రుచిచూచి వాసనలు తెలిసికొను జంతువు కావున, ఆ వాసన దానిని కలవరపఱచుననియే తలచుచున్నారు. ఇట్టి సంగతి పత్రికలో వ్రాయుట తగునా యని మేము కొంత తడవు ఆలోచించితిమి. తగదని దాచిన కారణముననే గదా మాకు ముందు తెలియలేదు! తెలిసియున్నచో ఆ యుదయము గిన్నె మావారి చేతి కిచ్చియుందుము.

ఇంటికి వచ్చి సిగ్గుపడుచు మా అత్తగారితో చెప్పితిమి. వారు కన్నులనీరు కాఱునట్లు నవ్విరి. "అయితే మీ అమెరికా తొండకి మైలా మడీ తెలుసన్నమాట! నేను వచ్చి ఏడాదైంది, ఈ ఇంట్లో ఎవరూ దూరం కూర్చోలేదు. అదొచ్చి కూర్చోబెట్టింది" అనిరి. నాటినుండి శీతకాలమున ఆ నాలుగు దినములు మేము పచ్చయ్య గదిలోనికి పోము. ఆచారము పోయి తొండ మిగిలినది.

ఆ రాత్రియే అద్దము పడకగదికి పోయెను. నారింజచీర పెట్టెలోనికి పోయెను. నాట్యము భోజనశాలకు మాఱెను. గూటి తలుపున క్రిందుగా చిన్న కిటికీ కోయించి, ఆకులు దానిగుండ పెట్టుచు వచ్చితిమి. గూడు శుభ్రపఱచునప్పుడు మావారు మోచేతులవఱకు తోలుతొడుగులు తొడిగి, మందపు తువ్వాలు చేతబట్టి పోయెడివారు. దానికని పాత తువ్వాలు చుట్ట యొకటి గూటిలో వదలితిమి. జోడు లేని మగది తన యావేశము దానిమీద తీర్చుకొనునని వైద్యురాలు చెప్పినది, అట్లే జరిగినది. మా అత్తగారు తల యటు త్రిప్పుకొనిరి. కొట్టుట, బెదరించుట, నీళ్లు చల్లుట వలన లాభము లేదు. దెబ్బ తిన్న ఇగ్వానా "పోటీవాడు నిజమే" అని గట్టిపడును. శస్త్రచికిత్స చేయించినను, ఒకసారి యీడు వచ్చిన వానికి అది కుదురునని నమ్మకము లేదట.

ఇంకొక సంగతి. ఇగ్వానా నడినెత్తిమీద చిన్న పొలుసొకటి వేఱుగా మెఱయుచుండును. అది మూడవ కన్ను. అది బొమ్మను చూడదు గాని, వెలుగు నీడల మార్పును కనిపెట్టును. అడవిలో గ్రద్ద నీడ పైనుండియే పడును గదా! అందుచేత పైనుండి చేయి దించినచో ఎంత మచ్చికైన ఇగ్వానాయు ఉలికిపడును. చేయి ఎప్పుడును ప్రక్కనుండి, క్రిందుగా, మెల్లగా పోవలెను. మేము మూడేండ్లు పైనుండియే ఎత్తుకొంటిమి. అది యోర్చుకొన్నది, మేము దానిని ముద్దనుకొంటిమి.

ఇట్లుండగా 2021 ఫిబ్రవరి వచ్చెను. టెక్సాసులో నున్న తెలుగువా రెవ్వరును ఆ వారమును మఱువజాలరు. ఫిబ్రవరి 16 వ తేదీన డల్లాసు విమానాశ్రయమున శీతము సున్నకు దిగువ 19 డిగ్రీల సెల్సియసు. 1949 తరువాత నంతటి చలి యక్కడ పడలేదు. కరెంటు పోయెను. ఇంటిలో వెచ్చదనమంతయు నొక రాత్రిలో జాఱిపోయెను. గ్యాసుపొయ్యి మాత్రము వెలుగుచుండెను. మేము నలుగురము, మా అత్తగారు, ఉన్న రగ్గులన్నియు తెచ్చుకొని యొక్క గదిలో చేరితిమి. పచ్చయ్య దీపములు ఆఱిపోయెను. వేడిమి లేని ఇగ్వానా తిన్నది అరిగించుకొనలేదు, కదలలేదు. ఫ్లారిడాలో నాలుగైదు డిగ్రీల చలికే అవి చెట్లనుండి కొయ్యలవలె రాలిపడును.

పిల్ల వచ్చి మా యెదుట నిలిచెను. ఏమియు అడుగలేదు.

మా చేతి కుట్లు తీసి ఆఱు వారములైన గాలేదు. నారింజరంగు దాని ఒంటినుండి యింకను పూర్తిగా దిగలేదు. మావారు తొడుగులు వేసికొని దానిని దిండుగలీబులోనికి చేర్చి మూతి కట్టిరి. సీసాలలో వేడినీళ్లు పోసి, బట్టలు చుట్టి, దాని కిరుప్రక్కల పెట్టితిమి. నీళ్లు చల్లారును గాని మనిషి యొడలు చల్లారదు. కావున గంటకొకరముగా ఆ మూటను ఒడిలో నుంచుకొని, రగ్గు కప్పుకొని కూర్చుంటిమి. మొదటి గంట మాదే. ధైర్య మనుకొనకుడు, చల్లబడిన ఇగ్వానా కఱవజాలదని మాకు తెలియును. అయినను గలీబులో దాని దవడ యెక్కడ నున్నదో వ్రేళ్లతో తడిమి తెలిసికొని, ఆ వైపును మాకు దూరముగా త్రిప్పుకొంటిమి. చాలసేపటికి మూటలో కదలిక కలిగినది. అది మెల్లగా ప్రాకి, మా పొట్టకు గడ్డమానించి పడుకొన్నది. మూడేండ్లు మా మెడకు ఆనించినట్లే. ఆనాడు దానిని ప్రేమ యనుకొంటిమి. ఈనాడు వెచ్చదనమని తెలిసినది. తెలిసినందువలన మా ఒడి బరువు తగ్గలేదు, మా రోషము మాత్రము పోయినది. వెచ్చని రాతిని వెదకు జంతువునకు మేము మూడేండ్లు వెచ్చని రాయిగా నుంటిమి; రాతికి ద్రోహము చేసినదని దానిమీద నేర మెట్లు మోపుదుము?

మూడవనాడు దీపములు వెలిగెను. మార్చి మొదటి వారమునకు భుజములపై రంగు విఱిగి పచ్చదనము తేలెను. గిన్నె ఖాళీ చేయుట మొదలుపెట్టెను. ఏప్రిలులో మా పిల్ల దానిని ప్రక్కనుండి చేయి పోనిచ్చి ఎత్తుకొన్నది. ముఖము మాత్రము దూరముగా నుంచుకొన్నది. ఆ యేటినుండి మా గోడ క్యాలెండరులో నవంబరు మొదటి తేదీన పచ్చ సిరాతో గుర్తు పెట్టుచున్నాము. అది చూడగానే అద్దము కప్పుట, నారింజబట్టలు తీయుట, తొడుగులు వెదకుట. ప్రతి యేడును వారము పదిదినములు అటు నిటుగా దాని కాలము వచ్చును, పోవును. నాటినుండి ఎవ్వరిని కఱవలేదు. రెండుసార్లు తోకతో కొట్టినది, వాత తేలినది. తప్పు మాదే, తొందరపడితిమి.

ఆడ ఇగ్వానా నున్నవారికి వేఱు చిక్కు. మగది లేకున్నను అది గ్రుడ్లు పెట్టును. త్రవ్వి పెట్టుటకు మన్ను లేనిచో తిండి మాని, గూడంతయు గోళ్లతో రేగగొట్టి, గ్రుడ్లు లోపలనే నిలిచిపోయి ప్రాణము మీదికి వచ్చును. దానిని గూడ "ఉన్నట్టుండి పిచ్చెత్తినది" అని చెప్పుకొనుట మేము విన్నాము.

ఇక మా చెల్లెలి కుమార్తె ప్రశ్న. అమ్మా, హైదరాబాదులో ఇగ్వానాను పెంచువారున్నారని మాకును తెలియును. ఇది అంతర్జాతీయ ఒడంబడికక్రింద నున్న జాతి. 2024 లో వచ్చిన నిబంధనల ప్రకారము మన దేశమున నిట్టివానిని ప్రభుత్వమునొద్ద నమోదు చేయింపవలెను. షాపువానిని ముందు ఆ కాగితములడుగుము. తరువాత మీ యింటిలో ఆఱడుగుల ఎత్తు గూటికి చోటున్నదేమో కొలుచుకొనుము. నీకిప్పుడు పందొమ్మిదేండ్లు, చదువునకై ఏ ఊరికో, పెండ్లియై ఏ ఇంటికో పోదువు, అప్పటికి అది నాలుగడుగుల జంతువై మీ అమ్మ చేతిలో నుండును. మీ అమ్మకు బల్లిని చూచిన భయము. విసుగుపుట్టి చెఱువుగట్టున వదలెదమను మాట రానీయకుము. ఫ్లారిడాలో 1960 ప్రాంతమునుండి అట్లు తప్పించుకొన్నవి, వదలబడినవి పెరిగి పెరిగి, తోటలు మేసి, కాలువగట్లను బొరియలతో గుల్లచేసి, తుదకు 2021 లో అక్కడి ప్రభుత్వము వానిని క్రొత్తగా పెంచుటనే నిషేధించినది. అప్పటికే యున్నవారు సెలవుచీటీ పుచ్చుకొని, జంతువు చర్మముక్రింద గుర్తుబిళ్ల పెట్టించుకొనవలసివచ్చినది.

ఇవన్నియు చదివి యింకను కావలెనన్నచో, మా యింటికి నవంబరులో వచ్చి నెల దినములుండి చూచిపొమ్ము. టిక్కెట్టు మేము కొనియెదము.

మా అత్తగారు 2021 శరత్కాలములో కోనసీమకు తిరిగి వెళ్లిరి. ప్రతి ఆదివారమును ఫోను చేయుదురు. కుశలప్రశ్నలు కాగానే, నవంబరు మొదలు మార్చి వఱకు, వారడుగు ప్రశ్న యొక్కటే: "పచ్చయ్య కాషాయం విప్పాడా?" పోయిన ఆదివారము ఇంకను లేదంటిమి. "మన కంచె మీది వాడు తొలకరికి గాని కట్టడు. వీడికన్నా వాడే నయం, కంచె మీదే ఉంటాడు" అని, మందారములు పూచుచున్నవా యని యడిగిరి. ఈ చలిలో నెక్కడివని చెప్పితిమి.